మా బ్రేకర్ ఎందుకు పడలేదు: ఒక రైసు మిల్లు ప్రొటెక్షన్ డైరీ

నవంబర్ 19, రాత్రి

తొమ్మిదింపావుకి ట్రాన్స్‌ఫార్మర్ యార్డులో ఢామ్మని ఒక్క చప్పుడు. ఆ తర్వాత చీకటి. మిల్లు ఒక్కటే అయితే సరేననుకుందును. గేటు దగ్గరికొచ్చి చూస్తే పర్లాకిమిడి రోడ్డు వెంబడి ఊళ్ళన్నీ ఆరిపోయి ఉన్నాయి. టార్చి వేసి చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ హెచ్‌టీ (పదకొండు కేవీ వైపు) కేబుల్ బాక్సులో బల్లి బొగ్గైపోయి ఉంది, మూత లోపలంతా మసి. బల్లులు మాకు కొత్త కాదు. ప్యానల్ రూములోకి వెళ్ళాక నాకు చెమటలు పట్టాయి. ఫాల్టు వస్తే దానంతటదే పడి (తెరుచుకుని) కరెంటు తెంపాల్సిన మా పదకొండు కేవీ బ్రేకరు, వీసీబీ, తాపీగా 'ఆన్' చూపిస్తోంది. మూడు కిలోమీటర్ల అవతల సబ్‌స్టేషన్‌లో మాకూ ఊళ్ళకీ కలిపి కరెంటిచ్చే లైను (ఫీడర్) బ్రేకర్ పడింది, పక్కనే ఉన్న మాది పడలేదు.

లైన్‌మన్ వచ్చి మమ్మల్ని లైను నుంచి విడదీసే ఏబీ స్విచ్ విప్పదీసి, ఫీడర్ మళ్ళీ ఎక్కించేసరికి పదకొండు దాటింది. సబ్‌స్టేషన్ ఇంజనీరు గారు ఫోనులో ఒడియాలో ఒకే మాట అడిగారు: "నీ ఇంట్లో ఫాల్టుకి నా ఫీడర్ ఎందుకు పడాలి?" నా దగ్గర జవాబు లేదు. డిప్లొమా చదివాను, మోటార్లు విప్పి బిగిస్తాను, స్టార్టర్ వైరింగ్ కళ్ళు మూసుకుని చేస్తాను. ఫాల్టును కనిపెట్టి బ్రేకరును పడమని చెప్పే రిలే అన్నది మాత్రం నాకు ఇన్నేళ్ళుగా తలుపు వేసిన పెట్టె.

నవంబర్ 21

పెదనాన్నను తీసుకొచ్చాను. ఆయన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో టెస్టింగ్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. 1955లో మొదలైన కేంద్రం అది, ఆంధ్ర-ఒడిశా ఉమ్మడిది. డిస్కు తిరిగే పాత రిలేల కాలం మనిషి. మా ప్యానల్‌లోని చిన్న డిజిటల్ రిలేను చూసి, "ఇందులో డిస్కు కనపడదు గానీ బుద్ధి అదేరా" అన్నారు.

నేను రిలే మాన్యువల్ తెరిచాను. ఆయన దాని జోలికే పోలేదు. "ముందు చార్జరు ఏసీ స్విచ్చి కట్టు" అన్నారు. కట్టాను. డీసీ మీటరు 27 వోల్టుల నుంచి మెల్లగా 21కి దిగింది. "ఇప్పుడు చేత్తో ట్రిప్ నొక్కు." నొక్కాను. మీటరు తొమ్మిదికి పడిపోయింది, రిలే డిస్‌ప్లే ఆరిపోయింది, బ్రేకరు కదల్లేదు. లోపల కాయిల్ సన్నగా గుర్రుమంది, అంతే.

కారణం విన్నాక ఇంత సులువా అనిపించింది. పదకొండు కేవీ మీద మూడు ఫేజులూ కలిసిపోతే ఆ చోట వోల్టేజి దాదాపు సున్నా. మా చార్జరుకి కరెంటు వచ్చేది అదే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి. కాబట్టి ఫాల్టు వచ్చిన క్షణంలోనే చార్జరు చచ్చిపోతుంది. రిలే బతకాలన్నా, బ్రేకరును పడేసే ట్రిప్ కాయిల్ లాగాలన్నా ఆ అర సెకను బ్యాటరీయే దిక్కు. మామూలు రోజుల్లో చార్జరు మోస్తుంది కనక బ్యాటరీ పోయిన సంగతి ఎవరికీ తెలీదు. రోజూ లాగ్‌బుక్కులో 'డీసీ 27' అని నేనే రాస్తున్నాను. ఆ 27 బ్యాటరీది కాదు, చార్జరుది.

నవంబర్ 24

కొత్త బ్యాటరీలు పెట్టాం. చార్జరు కట్టేసి ట్రిప్ నొక్కితే వీసీబీ టప్పున పడింది. సావుకారు ఊపిరి పీల్చుకున్నారు, ఇక పనైపోయినట్టేనన్నారు. పెదనాన్న టీ తాగుతూ, "మరి సెట్టింగులెవరు ఇచ్చారు బాబూ?" అన్నారు. కాగితం ఎక్కడా లేదు. రిలేలో చూస్తే ఓవర్ కరెంటు పికప్ (ఎంత దాటితే రిలే కదలాలో) 50 ఆంపియర్లు, టీఎంఎస్ (ఎంత ఆలస్యంగా పడాలో చెప్పే గుణకం) 0.5, హైసెట్ (భారీ ఫాల్టుకి ఆగకుండా పడేసేది) ఆఫ్. కంపెనీ నుంచి పెట్టెలో వచ్చినప్పుడు ఉన్నవే అయ్యుంటాయని ఆయన అనుమానం.

ఈ డైరీ ఈ రాత్రే మొదలుపెట్టాను. వెనక రెండు రోజులవీ గుర్తున్నంత మటుకు పైన రాశాను.

నవంబర్ 30

ఫాల్ట్ లెవెల్ లెక్క. ఇన్నాళ్ళూ దీన్నే బ్రహ్మవిద్య అనుకున్నాను. నిజానికి కావలసినవి రెండే అంకెలు: వెనక నుంచి ఎంత కరెంటు రాగలదు, దారిలో ఎంత అడ్డు ఉంది.

మా ట్రాన్స్‌ఫార్మర్ 500 కేవీఏ, 11 కేవీ నుంచి 433 వోల్టులకి. నేమ్‌ప్లేటు మీద ఇంపిడెన్స్, అంటే కరెంటుకి అది పెట్టే అడ్డు, 4.5 శాతం. ఫుల్ లోడ్ కరెంటు హెచ్‌టీ వైపు 26.2 ఆంపియర్లు, ఎల్‌టీ (433 వోల్టుల) వైపు 667. ఎల్‌టీ బస్‌బార్ మీద మూడు ఫేజులూ కలిస్తే, వెనక సప్లై అనంతమనుకుని, 667ని 0.045తో భాగిస్తే 14.8 కిలో ఆంపియర్లు. పెదనాన్న దీన్ని 'గోడ మీద లెక్క' అంటారు. గోడ మీద బొగ్గుతో వేసుకోవచ్చు, ఎక్కువ వైపే తప్పుతుంది కాబట్టి భయం లేదు.

వెనకది కూడా కలిపి చూద్దామనిపించింది. సబ్‌స్టేషన్‌లో ట్రాన్స్‌ఫార్మర్ 5 ఎంవీఏ, ఇంపిడెన్స్ 7.15 శాతం. 11 కేవీ వైపు చూస్తే 121 (11 వర్గం) × 0.0715 ÷ 5, అంటే 1.73 ఓమ్‌లు. అక్కణ్ణించి మాకు మూడు కిలోమీటర్ల రాబిట్ అనే సైజు కండక్టరు (లైను తీగ). కిలోమీటరుకి రెసిస్టెన్స్ సుమారు 0.6, రియాక్టెన్స్ 0.37. మొత్తం రెసిస్టెన్స్ 1.8, రియాక్టెన్స్ 2.84. ఈ రెండూ నేరుగా కూడకూడదు, లంబకోణ త్రిభుజంలో కర్ణంలాగా తీయాలి: 3.36 ఓమ్‌లు. 121ని 3.36తో భాగిస్తే 36 ఎంవీఏ. మా హెచ్‌టీ దగ్గర ఫాల్టు కరెంటు సుమారు 1,890 ఆంపియర్లు. 33 కేవీ వెనకున్న అడ్డు నేను వదిలేశాను కనక అసలుది ఇంకాస్త తక్కువే.

ఈ 36 ఎంవీఏని మా 500 కేవీఏ బేసు మీదకి తెస్తే 1.39 శాతం. 4.5 కలిపితే 5.89. ఎల్‌టీ ఫాల్టు 11.3 కిలో ఆంపియర్లకి దిగింది. అదే ఫాల్టు హెచ్‌టీ వైపు నుంచి 446 ఆంపియర్లుగా కనిపిస్తుంది.

లెక్క వేసిన రోజే పనికొచ్చింది. ఎల్‌టీ ప్యానల్‌లో ఎంసీసీబీలన్నింటి (ఒక్కో మోటారు లైనుకుండే బ్రేకర్లు) మీదా బ్రేకింగ్ కెపాసిటీ, అంటే ఎంత ఫాల్టు కరెంటు తెంపగలవో, చదువుతూ పోతే, ఎలివేటర్లవి రెండు 10 కిలో ఆంపియర్లవే తగిలాయి. తిరుగుతున్న మోటార్లు కూడా ఫాల్టులోకి కాసేపు కరెంటు తోస్తాయి, కాబట్టి పదకొండు మీద ఇంకా పైనే ఉంటుంది. అలాంటి ఫాల్టు వస్తే అవి దాన్ని తెంపలేక పేలిపోవచ్చు. 25 కిలో ఆంపియర్లవి ఆర్డరు పెట్టించాను.

డిసెంబర్ 5

సబ్‌స్టేషన్ ఇంజనీరు గారి దగ్గరికి నేనే వెళ్ళాను. తిట్లు తినడానికి సిద్ధపడి వెళితే, "సెట్టింగులు అడగడానికొచ్చిన మొదటి మిల్లు నువ్వే" అని కుర్చీ వేయించారు. ఫీడర్ సీటీ (లైను కరెంటును తగ్గించి రిలేకి చూపే ట్రాన్స్‌ఫార్మర్) 200/5. పికప్ 200 ఆంపియర్లు, టీఎంఎస్ 0.1, హైసెట్ 2,000 ఆంపియర్లు.

ఇంటికొచ్చి లెక్క వేశాను. ఫాల్టు ఎంత పెద్దదైతే రిలే అంత త్వరగా పడాలని చెప్పే స్టాండర్డ్ ఇన్వర్స్ కర్వ్ సూత్రం చూడ్డానికి భయపెడుతుంది గానీ చిన్నదే. ఫాల్టు కరెంటు పికప్‌కి ఎన్ని రెట్లో చూడాలి. ఆ రెట్లను 0.02 ఘాతానికి తీసుకెళ్ళి ఒకటి తీసేయాలి. 0.14ని దానితో భాగించి టీఎంఎస్‌తో గుణిస్తే సెకన్లు వస్తాయి. ఫోనులోని కాలిక్యులేటర్ చాలు.

మా దగ్గర 1,890 ఆంపియర్ల ఫాల్టుకి వాళ్ళ రిలే 9.45 రెట్లు చూస్తుంది: 0.3 సెకను. మా పాత సెట్టింగుకి అదే ఫాల్టు 37.8 రెట్లు. మా రిలే కర్వ్ ఇరవై రెట్లు దాటాక ఇక కిందికి దిగదు, కాబట్టి ఇరవై రెట్లకి వచ్చే 2.27ని 0.5తో గుణిస్తే 1.13 సెకను. రెండుసార్లు సరిచూసుకున్నాను. అంటే ఆ రాత్రి మా బ్యాటరీ కొత్తదే అయినా ఫీడరే ముందు పడేది. బ్యాటరీ మార్చి చేతులు దులుపుకుని ఉంటే ఇంకో బల్లికి మళ్ళీ ఊరంతా చీకటి.

డిసెంబర్ 9

కొత్త సెట్టింగులు. పికప్: ఫుల్ లోడ్ 26.2కి నాలుగో వంతు కలిపి, మా 50/5 సీటీ మీద 65 శాతం, అంటే 32.5 ఆంపియర్లు. టీఎంఎస్ 0.1. ఎల్‌టీ బస్‌బార్ ఫాల్టు 446 ఆంపియర్లకి మేము 0.26 సెకనులో పడతాం, ఫీడరుకి 0.87 పడుతుంది. ఇక్కడ గొడవ లేదు.

హెచ్‌టీ ఫాల్టుకే చిక్కు. టీఎంఎస్ 0.1 పెట్టినా మాది 0.23, వాళ్ళది 0.3. బ్రేకరు తెరుచుకోవడానికే అరవై మిల్లీసెకన్లు తింటుంది, కాబట్టి ఈ తేడా చాలదు. అందుకే హైసెట్. దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే అసలు పాఠం. ఎల్‌టీ ఫాల్టుకి పలకకూడదు, కనక 446కి బాగా పైన ఉండాలి. గోడ లెక్క ప్రకారం అత్యధికం 583, దానికీ పైన. ట్రాన్స్‌ఫార్మర్ చార్జి చేసినప్పుడు లాగే ఇన్‌రష్ ఫుల్ లోడుకి పన్నెండు రెట్లనుకున్నా 315, దానికీ పలకకూడదు. హెచ్‌టీ ఫాల్టు 1,890కి మాత్రం తటపటాయించకూడదు. 600 పెట్టాను. ట్రాన్స్‌ఫార్మర్ ఇంపిడెన్స్ మధ్యలో ఉండబట్టే ఎల్‌టీ ఫాల్టుకీ హెచ్‌టీ ఫాల్టుకీ ఇంత ఎడం. ఆ ఎడంలో గీత గీసుకోవడమే హైసెట్.

అప్పుడు మా రిలే, బ్రేకరు కలిపి సుమారు 0.1 సెకను. ఫీడరుకి 0.2 ముందు. పుస్తకాల్లో 0.3 ఉండాలంటారు. ఫీడర్ టీఎంఎస్ కాస్త పెంచమని అడిగితే ఇంజనీరు గారు తల అడ్డంగా ఊపారు. వాళ్ళ వెనక 33 వైపు రిలే ఉంది, దానికీ వరస కావాలి. న్యాయమే.

కర్వులు గీయడానికి లాగ్ గ్రాఫ్ కాగితం కోసం ఊరంతా తిరిగాను, దొరకలేదు. ఫోటోస్టాట్ షాపులో ప్రింటు తీయించుకున్నాను. షాపతను "ఇదేటి, జాతకమా?" అన్నాడు. అన్నట్టు, రిలేని తెలుగులో ఏమంటారని మా చెల్లి అడిగింది. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని దానికి సంస్కృతంలో పేరు వెతకడం ఏం బాగుంటుంది! రిలే అనే అంటారని చెప్పాను.

డిసెంబర్ 14, ఆదివారం, షట్‌డౌన్

ఈ రోజు గురించి వివరంగా రాయాలి.

పెదనాన్న పట్టుబట్టారు: "రిలేకి అబద్ధం చెప్తే అది సెట్టింగు ప్రకారమే తప్పు చేస్తాది. సీటీ సూడాలి." మా సీటీలో రెండు కోర్లు. ఒకటి మీటరింగుకి, క్లాస్ 0.5, సేఫ్టీ ఫ్యాక్టర్ 5. రెండోది ప్రొటెక్షన్‌కి, 5పీ10. రెంటికీ గుణం పూర్తిగా వేరు. మీటరింగ్ కోరు మామూలు లోడులో కచ్చితంగా చెప్తుంది, ఫాల్టు వస్తే కావాలనే మొరాయిస్తుంది, మీటరు కాలిపోకుండా. ప్రొటెక్షన్ కోరుకి మామూలు రోజున కాస్త తేడా ఉన్నా ఫరవాలేదు, ఫాల్టులో నిజం చెప్పాలి.

లైను కట్టించి, ఎర్త్ చేసి, సీటీ టెర్మినల్ బాక్సు తెరిచాం. చార్జిలో ఉండగా సీటీ సెకండరీ ఎన్నడూ విప్పకూడదు. ప్రైమరీ కరెంటంతా కోరును అయస్కాంతం చేయడానికే పోయి చివర్ల దగ్గర వేల వోల్టులు పుట్టిస్తుంది. పెదనాన్న ఈ మాట అంటున్నప్పుడు తన ఎడమ చేతి మచ్చ వైపు చూసుకున్నారు, నేను అడగలేదు.

వైర్లు ఆనవాలు పడితే రిలేకి వెళ్ళే వైర్లు '1ఎస్1, 1ఎస్2' నుంచి వస్తున్నాయి. నేమ్‌ప్లేటు ప్రకారం కోర్ 1 మీటరింగుది. మా ప్యానల్ మీది ఆంపియర్ మీటరు కోర్ 2 మీద ఉంది. అటుదిటూ ఇటుదటూ. తిత్లీ తుఫాను 2018 అక్టోబర్ 11న తీరం దాటాక ఈ జిల్లాలో ఎన్నో స్తంభాలు నేలమట్టమయ్యాయి. మా ప్యానల్ కూడా తడిసిపోతే అప్పుడే ఎవరినో పట్టుకుని హడావిడిగా మార్పించారు. వారం రోజుల్లో మిల్లు ఆడాలన్న తొందర. ఆ పని చేసినవాళ్ళని ఇప్పుడు అనుకుని ఏం లాభం! లైటు వెలిగింది, మీటరు ఆడింది, అందరూ దండం పెట్టుకున్నారు.

నేమ్‌ప్లేటును నమ్మొద్దన్నారు పెదనాన్న. వోల్టేజి మెల్లగా పెంచుకునే వేరియాక్ పెట్టి సెకండరీకి ఏసీ వోల్టేజి ఇస్తూ పోయాం, ప్రైమరీ విప్పేసి. ఒక మల్టీమీటరు వోల్టులకి, ఒకటి ఆంపియర్లకి. కోర్ 1కి పన్నెండు వోల్టుల దాకా కరెంటు మెల్లగా పెరిగింది. పదిహేను దగ్గర ముల్లు ఒక్కసారి ఎగిసింది. వోల్టేజి పదో వంతు పెంచితే కరెంటు సగం పైన పెరిగే ఆ చోటునే ఇంగ్లీషులో 'నీ (knee) పాయింట్' అంటారు, అంటే మోకాలు. అది దాటితే సీటీ నిజం చెప్పలేదు. కోర్ 2కి మోకాలు 32 వోల్టుల దగ్గర వచ్చింది. నేమ్‌ప్లేటు నిజమే చెప్పింది, వైర్లే తప్పు.

ఇప్పుడు లెక్క. సీటీ వైండింగు 0.1 ఓమ్, ప్యానల్ దాకా పోయి రావడానికి ఇరవై మీటర్ల రెండున్నర స్క్వేర్ రాగి తీగ 0.15 ఓమ్, రిలేది లెక్కలోకి రానంత. మొత్తం 0.26 అనుకుందాం. కోర్ 1 మోకాలు 15 వోల్టులు, అంటే సెకండరీలో 58 ఆంపియర్లు, ప్రైమరీలో 580. నేను ఎంతో ముచ్చటపడి పెట్టిన హైసెట్ 600! అంటే ఆ అంకె చేరకముందే సీటీ చేతులెత్తేసేది. కోర్ 2 అయితే 1,230 దాకా నిలబడుతుంది, 600కి రెండింతలు. మోటు లెక్కే, డీసీ ఆఫ్‌సెట్ లాంటివి కలపలేదు. అయినా ఏ వైరు ఎక్కడుండాలో తేలిపోయింది.

వైర్లు మార్చాం. పోలారిటీ చూశాం. ఫెరూల్స్ (వైరు చివర గుర్తు తొడుగులు) మీద నంబర్లు కొత్తగా వేశాను. సాయంత్రమయ్యేసరికి చొక్కా అంతా ఊక దుమ్ము.

డిసెంబర్ 21

సెకండరీ ఇంజెక్షన్, అంటే సీటీ బదులు మనమే రిలేకి కరెంటు ఎక్కించి పరీక్షించడం. టెస్ట్ కిట్ బరంపురం నుంచి అద్దెకి వచ్చింది. రెండు రెట్లకి లెక్క ప్రకారం 1.00 సెకను, వచ్చింది 1.01. అయిదు రెట్లకి 0.43, వచ్చింది 0.44. హైసెట్ సెకండరీలో 60 ఆంపియర్లకి పలికింది. ఆ సంకేతంతోనే బ్రేకరును పడేసి చూశాం, రిలే లైటు వెలిగితే చాలదు కదా. హెచ్‌టీ ఎర్త్ ఫాల్టు 20 శాతం, అంటే 10 ఆంపియర్లు, 0.1 సెకను.

ట్రాన్స్‌ఫార్మర్ చార్జి చేశాం. హమ్మని ఇన్‌రష్. నేను కళ్ళు మూసుకున్నాను. బ్రేకరు నిలిచింది.

జనవరి 8

ఎల్‌టీ వైపు ఇంకో రోగం. ఉప్పుడు బియ్యానికి ధాన్యం నానబెట్టే తొట్ల దగ్గర పంపు మోటార్ల టెర్మినల్ బాక్సుల్లోకి నీళ్ళు పోయి ఎర్త్ అయితే, పంపు బ్రేకరు బదులు మిల్లు మొత్తానికున్న మెయిన్ బ్రేకరు, ఏసీబీ, పడుతుంది. మిల్లంతా ఆగుతుంది, డ్రయర్‌లో ధాన్యం మాడుతుంది. పంపుకున్నది 63 ఆంపియర్ల ఎంసీసీబీ. మూడొందల ఆంపియర్ల ఎర్త్ కరెంటు దాని మ్యాగ్నెటిక్ (వెంటనే పడే) సెట్టింగు 630కి అందదు, థర్మల్ వేడెక్కేదాకా కూర్చుంటుంది. 800 ఆంపియర్ల ఏసీబీలో ఎర్త్ ఫాల్టు 160 ఆంపియర్లకి, 0.1 సెకనుకే ఉంది. పెద్దది తొందరపడుతోంది, చిన్నది నిద్రపోతోంది.

ఏసీబీ ఆలస్యాన్ని 0.4 చేశాను. తొట్ల ఫీడర్లకి ఎర్త్‌కి కారే కరెంటును పసిగట్టే కోర్ బ్యాలెన్స్ సీటీలు వేసి ఈఎల్‌ఆర్‌లు (ఎర్త్ లీకేజి రిలేలు) పెట్టాం, 1 ఆంపియరుకి, 0.1 సెకను. ఈఎల్‌ఆర్ సిగ్నల్‌ని మోటారు ఆన్, ఆఫ్ చేసే కాంటాక్టరుకి ఇచ్చి పని కానిద్దామని మా కుర్రాడు అన్నాడు. వద్దన్నాను. కాంటాక్టరు లోడు తెంపడానికి గానీ ఫాల్టు తెంపడానికి కాదు. ఎంసీసీబీకి షంట్ ట్రిప్ (బయటి సిగ్నల్‌తో దాన్ని పడేసే కాయిల్) వేయించాను, ఖర్చు ఎక్కువైందని సావుకారు రెండు రోజులు మాట్లాడలేదు.

ఎల్‌టీ ఎర్త్ ఫాల్టుకి హెచ్‌టీ ఎర్త్ రిలే పడుతుందేమోనని నాకు చాన్నాళ్ళు అనుమానం. మా ట్రాన్స్‌ఫార్మర్ డెల్టా-స్టార్: హెచ్‌టీ చుట్లు త్రికోణంలా, ఎల్‌టీ చుట్లు నక్షత్రంలా కలిపి ఉంటాయి. స్టార్ వైపు ఎర్త్ కరెంటు డెల్టాలో గిరగిరా తిరుగుతుందే గానీ లైన్లలోకి ఎర్త్ కరెంటుగా బయటపడదు. హెచ్‌టీలో అది రెండు ఫేజుల మధ్య ఫాల్టులా కనిపిస్తుంది, అదీ త్రీ ఫేజ్ ఫాల్టులో 58 శాతం విలువతో. కాబట్టి హెచ్‌టీ ఎర్త్ రిలేని ఎల్‌టీతో వరస కట్టక్కర్లేదు, ధైర్యంగా తక్కువకి పెట్టొచ్చు. ఈ ఒక్క విషయం బుర్రకెక్కడానికి నాకు మూడు రాత్రులు పట్టింది. బొమ్మ గీసి బాణాలు వేసుకుంటే గానీ అర్థం కాలేదు.

ఫిబ్రవరి 3

ఉదయం డ్యూటీకి వచ్చి లాగ్‌బుక్కు తెరిస్తే రాత్రి షిఫ్టు ఆపరేటరు ఒడియాలో ఒక లైను రాసి పెట్టాడు: మూడో నంబరు పంపు, ఈఎల్‌ఆర్, 2:40, నాలుగో పంపు నడిపాం. నాకు ఫోను రాలేదు. పాలిషర్ ఆగలేదు, డ్రయర్ ఆగలేదు. మోటారు బాక్సు విప్పితే గ్యాస్కెట్ చిరిగి అరచేతిలో పట్టేంత నీళ్ళు. ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెడితే సున్నా.

కొత్త గ్యాస్కెట్ కోయించాలి. కేబుల్ బాక్సు కంతల్లో సీలింగ్ కాంపౌండ్ కూరాలి, మళ్ళీ ఇంకో బల్లి తిరుగుతోంది. నెలకోసారి చార్జరు కట్టేసి ట్రిప్ నొక్కడం ఇవాళ్టికి రెండోసారి: నొక్కాక 24.6 వోల్టులు, బ్రేకరు పడింది.